ఇంటిపేరు ఇంటిది, పెద్దబడి కచేరీది

పాతబస్తీలో తరతరములుగ నివసించుచున్న తెలుగు కుటుంబములలో, లాల్ దర్వాజా వారైనను, గౌలిపురా వారైనను, అలియాబాదు ఉప్పుగూడల వారైనను, ఇటీవల వంశవృక్షమును కంప్యూటరులోనికి ఎక్కించు ఉత్సాహము కనబడుచున్నది. తాతముత్తాతల పేర్లు నోటికి వచ్చిన పెద్దలు ఒక్కొక్కరుగ వెళ్లిపోవుచుండగా, అమెరికాలోని మనుమలు ఫోనులో అడిగి వ్రాసికొనుచుండగా, ఇంటనున్న కోడలు ట్రంకుపెట్టెలోని కాగితములను వెలికి తీసి ఫొటోలు పంపుచుండగా, పలువురి చేతులమీదుగ పెరిగిన ఆ వృక్షము కొన్నాళ్లకు ఒక విచిత్రరూపమును దాల్చును. బడిలో మనకు పెద్దబడి, చిన్నబడి అని నేర్పిన ఇంగ్లీషు అక్షరముల రెండు రూపములు, నేటివారు క్యాపిటల్, స్మాల్ అని పిలుచునవి, అందు అడ్డదిడ్డముగ కలిసిపోవును. పాస్‌పోర్టు చూచి ఎక్కించిన పేరు ఆసాంతము పెద్దబడిలో నుండును; ఫోనులో తొందరగ కొట్టిన పేరు ఆసాంతము చిన్నబడిలో నుండును; ఛత్తాబజారు ప్రెస్సులో అచ్చయిన శుభలేఖ నుండి దింపిన పేరు, ఆ కార్డుపై అలంకారము కొఱకు ఎట్లు అచ్చొత్తిరో అట్లే దిగును. తెఱచి చూచినవానికి ఇది ఒక వంశమా, నాలుగు వంశముల కలగూరగంపయా అను సందేహము కలుగక మానదు.

ఇది కంటికి ఇంపు లేకపోవుట మాత్రమే యైనచో దీనికి ఒక అధ్యాయము అక్కఱలేదు. పెక్కు ప్రోగ్రాములు ఇంటిపేర్ల పట్టికను కూర్చునప్పుడు, ఆసాంతము పెద్దబడిలోనున్న పాములపర్తిని, మొదటి అక్షరము మాత్రమే పెద్దదైన పాములపర్తిని రెండు వేఱు ఇంటిపేర్లుగ లెక్కించును. అన్నదమ్ములు రెండు పట్టికలలోనికి విడిపోవుదురు. ఒకే మనిషి రెండుసార్లు నమోదగును. మేనరికములు అల్లుకొన్న మన కుటుంబములలో ఈ చిక్కు మఱింత ముదురును; ఏలయన, అమ్మమ్మ తమ్ముడే పెద్దక్క మామగారై యుండుట మనకు వింత కాదు, అట్టి మనిషి తల్లివైపునుండి ఒకరు, తండ్రివైపునుండి ఒకరు ఎక్కించుటచే రెండు చోట్ల వెలయును, అక్షరరూపము వేఱగుటచే ఆ ఇరువురును ఒక్కరే యని ఎవరికిని తోచదు. దేశాంతరముననున్న పిల్లలు ఆ చుట్టరికమును తెఱమీద చూచి నేర్చుకొనువారే గాని పెళ్లిపందిళ్లలో తిరిగి నేర్చినవారు కారు. కావున తప్పు అట్లే నిలిచిపోవును.

అసలీ పెద్దబడి మన పేర్లలోనికి ఎచ్చటనుండి వచ్చినది? తెలుగు లిపియందు ఇట్టి భేదము లేదు. ఆసఫ్ జాహీల ప్రభుత్వమున 1884 వఱకు రాజభాషయైన ఫారసీయందు లేదు, తదుపరి దాని స్థానమును పొందిన ఉర్దూయందును లేదు. పేరులోని ఒక అక్షరము మఱియొకదానికంటె పొడవుగ నిలువవలెనను ఊహ పాతబస్తీ నివాసుల తాతలకు, వారు ఏ భాషవారైనను, తట్టి యుండదు. అది ఇంగ్లీషు ఫారముల వెంట వచ్చినది. చేతివ్రాత గుమాస్తాకు తెలియవలెనని పెద్దబడిలోనే పూరింపుడని ఫారములు ఆజ్ఞాపించెను. తొలినాటి కంప్యూటర్లలో పెక్కింటికి చిన్నబడియే లేకుండెను. 1963లో వెలువడిన ఆస్కీ సంకేతమాలలోనికి చిన్నబడి అక్షరములు 1967 సవరణతోగాని చేరలేదు. పాస్‌పోర్టు పుట అడుగున యంత్రము చదువుటకై అచ్చొత్తు రెండు పంక్తులలో, పంక్తికి 44 చొప్పున, పెద్దబడి అక్షరములు, అంకెలు, ఖాళీని పూరించు బాణపు మొనవంటి గుర్తు తప్ప మఱేమియు నిలువరాదు. దీనికి తోడు పాశ్చాత్యదేశముల వంశచరిత్రకారులు, టైపు చేసిన పుటలలో ఇంటిపేరు తటాలున కంటబడవలెనని దానిని ఆసాంతము పెద్దబడిలో కొట్టు ఆచారమును పాటించిరి; అది ఆనాటి కాగితమునకు తగిన ఉపాయమే.

కావున ఈ పనికి పూనుకొనువారు మొదట మనస్సున నిలుపుకొనవలసిన వివేకము ఒకటి కలదు. పేరులో కచేరి చేసినది కొంత, కుటుంబము చేసినది కొంత ఉండును. అక్షరము పెద్దదా చిన్నదా యనునది కచేరి చేసినది; దానిని నిస్సంకోచముగ మార్చవచ్చును. పేరును ఏ అక్షరములతో వ్రాసికొనవలెనను నిర్ణయము కుటుంబము చేసినది, దానిని ముట్టరాదు. శుభ్రపఱచు ఉత్సాహమున ఈ రెండింటి నడిమి గట్టును దాటుట ఎంత సులభమో చెప్పనలవి కాదు. షా అలీ బండాలో దేవిడీ గల మహారాజా కిషన్ పెర్షాద్, రెండు పర్యాయములు హైదరాబాదు ప్రధానిగ నుండినవారు, ఇంగ్లీషు కాగితములలో పెర్షాద్ అనియే కనబడుదురు. నేటి అలవాటు చొప్పున ఆ పేరును ప్రసాద్ అని దిద్దిన యువకుడు అక్షరదోషమును సవరించితినని తలచును గాని, నిజమునకు అతడొక సాక్ష్యమును చెఱిపివేసినాడు. మద్రాసు ప్రెసిడెన్సీ పాతకాగితములలో రావు అను మాటకు నేడు వాడని ఇంగ్లీషు గుణింతమొకటి కానవచ్చును. దక్షిణాఫ్రికాకు వలసపోయినవారి సంతతియందు నాయుడు చివర రెండు సున్నలవంటి అక్షరములు జంటగ నిలిచినవి. ఆ గుణింతమే ఏ ఓడ, ఏ రేవు, ఏ గుమాస్తా యని వెదకువానికి దారి చూపును. అందును హైదరాబాదు వారికి ఈ జాగ్రత్త మఱింత అవసరము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినప్పుడు ఎన్ని ఇండ్ల పెట్టెలు కాగితములతో సహా కొట్టుకొనిపోయెనో ఎవరు లెక్కింపగలరు? అట్టి ఇంట మిగిలిన ఒక్క రసీదుమీది వికృతమైన గుణింతమే ముత్తాతగారి పేరునకు ఏకైక ఆధారము కావచ్చును.

ఇక పనిలోనికి దిగుదము. మొదట మీ ఫైలునకు ఒక నకలు తీసి, తేదీ చేర్చిన పేరుతో వేఱొక చోట, వీలైనచో వేఱొక ఊరిలోని బంధువు నొద్ద, భద్రపఱచుడు. ఇది చేయక ముందడుగు వేయవలదు. వంశవృక్ష ప్రోగ్రాములలో పెక్కు పరస్పరము ఇచ్చిపుచ్చుకొను రూపమునకు జెడ్‌కామ్ అని పేరు. ఊటా రాష్ట్రమునందలి మోర్మన్ చర్చివారు 1984లో దీనిని వెలువరించిరి. అది మామూలు అక్షరముల ఫైలు. నోట్‌ప్యాడులో తెఱచినను తెఱచుకొనును. తెఱచినచో ఒక మనిషి పేరు ఈ తీరున కనబడును:

1 నేమ్ వెంకట నరసింహారావు /పాములపర్తి/

ఏటవాలు గీతల నడుమనున్నది ఇంటిపేరు. ఆ గీతలే ఇంటిపేరును చాటుచున్నవి గనుక దానిని పెద్దబడిలో వ్రాయవలసిన పని ఇక లేదు. మఱియు, ఆ గీతల నడిమి మాటను ముందైనను వెనుకనైనను పెట్టుటకు ఆ ప్రమాణము అనుమతించుచున్నది. ఇంటిపేరు ముందు చెప్పుకొను మనకు ఇది ఎంతయు అనుకూలము. అయితే నోట్‌ప్యాడులో తెఱచుకొన్నది గదాయని అచ్చటనే ఒక్క దెబ్బతో అన్నియు చిన్నబడిలోనికి మార్చుటకు కొందఱు సాహసింతురు. అది ప్రమాదము. పుట్టుక, మరణము, వివాహము అని తెలుపు సంకేతములు, ఒక్కొక్క మనిషికిచ్చిన గుర్తింపుసంఖ్యలు, అన్నియు ఆ ఫైలులో పెద్దబడిలోనే యుండవలెను. వాని రూపము మాఱినచో తల్లికి బిడ్డకు గల ముడి తెగి, వేయిమంది వంశము వేయి ఒంటరి పేర్లై చెదరిపోవచ్చును. దిద్దుబాటు ఎప్పుడును ప్రోగ్రాము లోపలనే జరుగవలెను.

ఉచితముగ దొరకు గ్రాంప్స్ అను ప్రోగ్రామునందు ఇంటిపేర్ల పెద్దబడిని సరిచేయు పనిముట్టు ఒకటి పనిముట్ల పట్టికలోనే కలదు. అది వృక్షమంతయు గాలించి, ఇప్పుడున్న రూపము ఒకవైపు, తాను సూచించు రూపము మఱియొకవైపు వరుసగ చూపును. మీరు గుర్తు పెట్టినవే మాఱును. ఆ పట్టికను చూచి వెంటనే అన్నింటికి సమ్మతి తెలుపవలదు. ఒక సాయంకాలము ఇంటి పెద్దల నొద్ద కూర్చుండి, ఒక్కొక్క ఇంటిపేరును బిగ్గరగ చదివి వినిపింపుడు. తెలంగాణమున వంశకథలు చెవిద్వారముననే బ్రతికినవి. పద్మశాలీలకు కూనపులివారు పటము పఱచి వినిపించిన మార్కండేయ పురాణమును విని పెరిగిన ముసలివారు, తెఱమీది చిన్న అక్షరమును చదువలేకపోవచ్చును గాని, చెవినబడిన పేరులోని తప్పును పట్టకుండ విడువరు. ఇంటిపేర్లతోనే మొదలిడుమనుటకు కారణము, ఒక ఇంటిపేరును దిద్దినచో ఎందఱో ఒక్కసారిగ చక్కబడుదురు; వ్యక్తుల పేర్లు అట్లు కావు, వానిని ఒక్కొక్కటిగ చూడవలసినదే.

ఈ పనిముట్టులోనున్న నియమములు ప్రధానముగ ఐరోపా పేర్ల కొఱకు కూర్చినవి. డి, వాన్, డెల్లా వంటి మాటలు చిన్నబడిలోనుండవలెనని దానికి తెలియును. మన పాతబస్తీ సంగతి తెలియదు. లెక్కల పట్టికల ప్రోగ్రాములలోని ప్రాపర్ అను సూత్రమును నమ్ముకొనువారి పాటు మఱింత కష్టము. ఆ సూత్రము ప్రతిమాటకు మొదటి అక్షరమును పెద్దది చేసి, తక్కినవానిని నిర్దాక్షిణ్యముగ చిన్నవి చేయును. ఎన్‌.టి. రామారావు అను పేరులో చుక్కలు లేక పొడి అక్షరములు రెండును కలిసియున్నచో, ఎన్ పెద్దదై నిలిచి టి చిన్నదై దాని ప్రక్కన నక్కి, అది పొడి అక్షరముల జంట యని గుర్తింపరాని ఏదో ఒక మాటయగును. ఏడవ ఆసఫ్ జాహ్ అని తెలుపు రోమను అంకెలలో మొదటిది మాత్రమే పెద్దదై తక్కిన రెండును క్రుంగిపోవును; మూడవ సాలార్ జంగునకును అదియే గతి. కావున యంత్రము చేసిన మార్పులలో పొడి అక్షరములను, అంకెలను వేఱుగ వెదకి కన్నులార చూచుకొనవలెను.

మహమ్మదీయ కుటుంబముల వృక్షములను కూర్చు పొరుగువారికిని మీరు తోడ్పడవచ్చును. పాతబస్తీలో అట్టి ఇచ్చిపుచ్చుకొనుట సహజమే. వారి పేర్లలో చూడవలసినవి వేఱు. మహమ్మద్ అను నామమునకు ఎమ్, డి అను రెండక్షరముల సంక్షేపము మన ఓటర్ల జాబితాలలో సర్వత్ర కనబడును. షేక్ అనుదానికి ఎస్, కె అనునవి. వీనిని వైద్యుని పట్టముగనో, పొడి అక్షరములుగనో భ్రమించి చుక్కలు చేర్చువారు కలరు, అది తగదు. బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌతు అరబ్బుల సంతతివారి పేర్లలో నడుమ వచ్చు బిన్ అను మాట ఫలానివాని కుమారుడని తెలుపునది. దానిని ఆ కుటుంబము చిన్నబడిలో వ్రాయునో పెద్దబడిలో వ్రాయునో వారినే అడుగుడు. ఉద్దీన్ అను అంతము గల పేర్లు ఒకరు కలిపి, ఒకరు విడదీసి, ఒకరు నడుమ అడ్డగీత పెట్టి వ్రాయుదురు. ఏది ఒప్పు అను వాదమునకు ఇచ్చట చోటు లేదు. ఆ ఇంటివారు వ్రాసికొన్నదే ఒప్పు.

బిరుదముల విషయము దీనికంటె లోతైనది. సాలార్ జంగ్ అనునది పేరు కాదు. మొదటి సాలార్ జంగుగ ప్రసిద్ధులైన దివాను పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్, మ్యూజియమునకు మూలమైన సంపదను కూర్చిన మూడవ సాలార్ జంగు పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్. జంగ్ అనుమాటను ఇంటిపేరు గడిలో పెట్టినచో ప్రోగ్రాము ఒక జంగ్ వంశమును సృష్టించి, రక్తసంబంధము లేని అమీరులనందఱిని అందు చేర్చును. తెలుగువారికిని ఈ చిక్కు క్రొత్తది కాదు. హరిబౌలిలోని మహాంకాళి ఆలయమునకు తన సోదరునితో పాటు పేరిచ్చిన మాదన్నకు గోలకొండ సుల్తాను తానీషా దర్బారున సూర్యప్రకాశరావు అను బిరుదము కలదు. చరిత్రపుటలలో ఆయన ఒకచోట ఆ పేరుతో, వేఱొకచోట ఈ పేరుతో కానవచ్చును. బిరుదమునకు ప్రోగ్రాములలో వేఱు గడి యుండును. రాజా, రాయ్, నవాబు, బహద్దరు, పంతులు, పటేలు, దొర, ఇవన్నియు అందే చేరవలెను. గారు, శ్రీమతి, చిరంజీవి, కీర్తిశేషులు అను మర్యాదమాటలు ఏ గడిలోను అక్కఱలేదు. చనిపోయిరని తెలుపుటకు మరణపు గడి యున్నది గదా! తండ్రి పేరు, భర్త పేరు తెలుపు ఇంగ్లీషు సంక్షేపములు ఓటర్ల జాబితానుండి పేరు గడిలోనికి దిగివచ్చుట కద్దు. అమెరికా వీసాకాగితములనుండి ఎఫ్ఎన్‌యూ అనునది దిగివచ్చును. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగ నున్నవారికి, ఉన్న ఒక్క పేరును ఇంటిపేరుగ చేసి, అసలు పేరు తెలియదను భావమున అచ్చటివారు పెట్టు గుర్తు అది. దానిని పేరుగ భావించి మొదటి అక్షరమును పెద్దదిగ, మిగిలినవి చిన్నవిగ సవరించిన ఫైలులో, ఆ మూడక్షరములే ఒక పూర్వజుని పేరై కూర్చున్నవి. వీనిని తీసివేసి, ఆధారముల గడిలో ఆ కాగితపు సంగతిని వ్రాయుడు.

పొడి అక్షరముల గూర్చి ఒకమాట. తెలుగువారి పేర్లలో మొదటి పొడి అక్షరము చాలమాఱులు ఇంటిపేరు; తరువాతిది పేరులోని భాగము. పీవీ అనగా పాములపర్తి వెంకట అని లోకమెఱుగును గనుక విడమరచుట సులభము. మీ పెద్దనాన్న పేరు ముందున్న రెండవ అక్షరము వెంకటయో, వీరయో, వరదయో మీకు తెలియనిచో, తోచినది వ్రాయక అక్షరముగనే ఉంచుడు, చుక్క పెట్టుడు, విచారింపవలెనని సూచన వ్రాయుడు. ఊహించి నింపిన పేరు మఱుసటి తరమునకు ప్రమాణమై కూర్చుండును.

నేను అన్నింటికంటె గట్టిగ చెప్పదలచినది స్త్రీల పేర్ల విషయము. ఇంటిపేర్ల పట్టికను ఈ విధముగ ఎదుట పెట్టుకొన్న నాడు, అంతవఱకు కంటబడని ఒక అన్యాయము కంటబడును: ఇంటికి వచ్చిన కోడండ్రందఱును అత్తవారి ఇంటిపేరులోనే మునిగియుందురు, వారి పుట్టినింటి ఇంటిపేరు ఎచ్చటను ఉండదు. కొందఱికి అసలు పేరే లేక పేరు గడిలో నాయనమ్మ అనియో, పెద్దవ్వ అనియో ఉండును, అదియు పెద్దబడిలో! మగవారి వంశము పది తరములు పైకి పాకగా, ఆడువారి వంశము ఒక తరముతో ఆగిపోవుటకు మూలము ఇదియే. అక్షరముల రూపమును దిద్దుటకు ప్రతిపేరును ఎట్లును తాకుచున్నారు గనుక, అదే సమయమున ప్రతి స్త్రీకిని పుట్టినింటి పేరును ప్రధాననామముగ నిలిపి, మెట్టినింటి పేరును వివాహనామమను రకముతో రెండవ పేరుగ చేర్చుడు. గ్రాంప్స్‌లో ఒక మనిషికి ఎన్ని పేర్లైనను ఇచ్చుటకు వీలున్నది. ఏ ఊరి ఆడపడుచో, ఏ ఇంటి పిల్లయో అడుగుటకు ఈ వారమే ఫోను చేయుడు, చెప్పగలవారు ఎనుబదియేండ్లవారు. రామదాసుగ ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్నను మాదన్నకు మేనల్లుడని లోకము చెప్పుకొనుచున్నది. ఇంటిపేర్లు వేఱైన ఆ ఇరువురి నడుమనున్న ముడి ఒక స్త్రీ.

తుదకు ప్రధాననామమును ఏ లిపిలో ఉంచవలెనను ప్రశ్న వచ్చును. తెలుగు కుటుంబము తన వృక్షమును తెలుగు లిపిలోనే ఉంచుకొని, ఇంగ్లీషు రూపమును రెండవ పేరుగ చేర్చుట మేలని నా దృఢమైన అభిప్రాయము. 1991లో వెలువడిన యూనికోడు తొలికూర్పునుండియు తెలుగునకు ప్రత్యేకస్థానము కలదు. జెడ్‌కామ్ 2021నాటి ఏడవ కూర్పు యూటీఎఫ్-8 అను సంకేతపద్ధతినే విధించినది గనుక ఏ దేశమున తెఱచినను తెలుగు అక్షరములు చెదరవు. పాత ప్రోగ్రామునుండి ఫైలును బయటికి తీయునప్పుడు మాత్రము ఆ పద్ధతినే ఎంచుకొన్నారో లేదో చూడుడు. లేనిచో పేర్లున్నచోట ప్రశ్నార్థకముల వరుస మిగులును. తెలుగు లిపిలో పెద్దబడి బెడద లేదు. ఙ్ఞాన, జ్ఞాన వంటి గుణింతభేదములు, అరసున్నలు, దీర్ఘములు అను వేఱు బెడదలుండును గాని, అవి ఇంటిలోని భాషకు చెందినవి, ఇంటిలోనివారే తీర్చుకొనగలరు. ఇంగ్లీషు మాత్రమే చదువగల మనుమలకు రెండవ పేరు ఎట్లును ఉన్నది. పాస్‌పోర్టులోని రూపమును, ఓటరు కార్డులోని రూపమును వేర్వేఱు పేర్లుగ చేర్చి, ఒక్కొక్కదాని క్రింద ఆ కాగితము పేరును తేదీని వ్రాసియుంచినచో, దిద్దినదానివలన పోయినది ఏదియు ఉండదు.

ఇంటిపేర్లు పెద్దబడిలో లేకున్న పటము అచ్చువేసినప్పుడు గంభీరముగ లేదని తాతగారు అన్నచో, వారి మాటను కాదనవలసిన పని లేదు. నిలువచేయు రూపము వేఱు, చూపు రూపము వేఱు. ప్రోగ్రాము అభిరుచుల పుటలో పేరును చూపు పద్ధతిని మార్చి, ఇంటిపేరు పెద్దబడిలో కనబడవలెనని ఎంచుకొన్నచో, లోపలి పేరు ఉన్నట్లే యుండి, గోడపటముపై మాత్రము పెద్దబడి వెలయును. ఊర్ల పేర్లకును ఇంచుమించు ఈ పద్ధతియే: హైదరాబాదును మూడక్షరములకు కుదించినచోట విడమరచి వ్రాయుడు, షాలిబండ, షా అలీ బండా అను రెండు రూపములలో ఒకదానిని ప్రధానముగ, రెండవదానిని మాఱుపేరుగ నిలుపుడు.

ఇంత చేసిన పిదపను పెద్దబడి మఱల రాకుండదు. దూరబంధువులు తమ ఫైలులను పంపుదురు, వానిని మీ వృక్షమున కలిపిన క్షణముననే పాత కంగాళీ తిరిగివచ్చును. అట్లు వచ్చిన ఫైలును నేరుగ కలుపక, మొదట ఒక ఖాళీ వృక్షమున తెఱచి, ఇంటిపేర్ల పట్టికను చూచి, పైన చెప్పిన వరుసలో దిద్ది, జంటగ పడినవారిని గుర్తించి, పంపినవారికి సందేహములను వ్రాసి, వారి ప్రత్యుత్తరము చేతికి వచ్చిన తరువాతనే పెద్ద ఫైలులో చేర్పుడు.